రిజిస్టరులో పుండ్లు ఉండవు



ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి పేరిటో ఆ డాక్టరు గారి సేవల గురించి నా ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను ఒక్క ముక్క చేరుస్తాను. ఆయన నా వ్యాసం ఒక్కటీ చదవలేదు, చదివానని మొహమాటానికైనా అనలేదు. చదరంగంలో మాత్రం వేసిన ఎత్తు వెనక్కి తీసుకునేవారు. ఆయన పేరిట మాట్లాడమన్నందుకు కృతజ్ఞుణ్ణి.

పిల్లలు హైదరాబాదుకూ అమెరికాకూ ఎందుకు పోయారో, వృద్ధాశ్రమాలు ఎందుకు పెరిగాయో, 2007 నాటి చట్టం జిల్లాకో ఆశ్రమం గురించి ఏమందో మీకు తెలుసు. సంరక్షణ నాణ్యతను వసతి, పనితీరు, ఫలితం అనే మూడు వైపుల నుంచి చూడాలని డొనబేడియన్ 1966లోనే రాశాడు. అదీ పాతదే. నా పేచీ ఒక్కచోటే: ఆ ఫలితాన్ని రాసేది ఎవరు?

ఒక ఆశ్రమంలో మాకు గ్రానైటు నేల, మంచినీళ్ల మిషను, ర్యాంపు చూపించారు. పడక పుండ్ల రిజిస్టరులో నెలంతా ఒకే సిరా, ఒకే దస్తూరి: లేవు, లేవు, లేవు. పక్క గదిలో పెద్దాయన దుప్పటి తీస్తే మడమ నల్లబడి ఉంది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో 1987 చట్టం తర్వాత, వృద్ధులను చూసే నర్సింగ్ హోముల్లో ప్రతి ఒక్కరి స్థితినీ నమోదు చేయాలన్నారు. నమోదు చేసేది ఆ హోమే. 2008లో అయిదు నక్షత్రాల రేటింగు కట్టినప్పుడు దాన్నీ ఒక ఆధారం చేసుకున్నారు. హోములు చెప్పుకున్న లెక్కలను నమ్మి నక్షత్రాలిస్తున్నారని 2014లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఆ తర్వాత సిబ్బంది లెక్కను జీతాల పట్టీ నుంచి తీసుకోవడం మొదలైంది. మిగతా లెక్కల సంగతి? ప్రాచీ సంఘవి బృందం హాస్పిటల్ బిల్లులను హోముల నివేదికలతో పోల్చి 2020లో ప్రచురించింది. పడి పెద్ద దెబ్బలు తగిలిన ఘటనల్లో హోములు రాసింది 57.5 శాతమే. ఎముక విరిగి హాస్పిటల్లో చేరినా రిజిస్టరుకెక్కకపోతే, మడమ మీద మచ్చ ఎక్కుతుందా?

పుండ్లు లెక్కపెడితే మంచాన పడ్డవాళ్లను చేర్చుకునే ఆశ్రమాలకే చెడ్డపేరు వస్తుందని ఇరవై ఏళ్లుగా నాతో వాదిస్తున్న మిత్రులున్నారు. చేరిన రోజే ఒళ్లంతా చూసి రాస్తే ఆ గొడవ తీరుతుంది. వచ్చినప్పటికే పుండు ఉందా అని అమెరికా హోములు నింపే ఫారం అడుగుతూనే ఉంది. వెతికిన చోటే ఎక్కువ దొరుకుతాయన్న రెండో అభ్యంతరం గట్టిది. నిజమే, శ్రద్ధగా చూసే ఆశ్రమమే లెక్కల్లో చెడ్డదిగా తేలుతుంది. అందుకే చూసే చెయ్యి బయటిదై, అన్ని చోట్లా ఒకటే కావాలంటున్నాను.

చెయ్యి అని ఊరికే అనలేదు. తొలి దశ పుండంటే నొక్కినా పోని ఎరుపు అని పాఠ్యపుస్తకం చెబుతుంది. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు కనిపించకపోవచ్చు. పక్క చర్మం కన్నా వేడిగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తబడిందా అని తడిమి చూడాలి. సెల్‌ఫోనులో ఫొటో తీసి పంపితే చాలనే వాళ్లతో నాకు రాజీ లేదు.

మేం ఇప్పుడు తయారుచేస్తున్నది ఇలా తడిమి చూసి రాసే కాగితమే. మడమలు, తుంటి, నడుము కింది భాగం, నెల నెలా బరువు. అన్నీ ఒకే కాగితం మీద, ఆశా కార్యకర్త రాయగలిగేలా. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం బరువు తగ్గితే తిండి ఎవరు పెడుతున్నారో అడగాలి. సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లలో ఇళ్లలోనే మంచాన ఉన్నవారికీ, వాళ్లను చూసుకునే కోడళ్లకూ ఈ కాగితం పనికొస్తుంది. చిక్కల్లా కాటా దగ్గర. వడ్ల బస్తా తూచని రోజుండదు మిర్యాలగూడలో; నిలబడలేని మనిషిని కూర్చోబెట్టి తూచే కుర్చీ కాటా మాత్రం మాకు దొరకలేదు. మిల్లుల యజమానులు ముందు వరసలో ఉన్నారు. రెండు కాటాలు ఇప్పిస్తే వచ్చే నెల నుంచే తూచడం మొదలుపెడతాం. నమూనా కాగితాలు బయట బల్ల మీద ఉన్నాయి. తప్పులుంటే గీతపెట్టి ఇవ్వండి.