అసెస్‌మెంట్ రిపోర్టులో స్కోరు కంటే ముందు రాయాల్సినవి

పోయిన ఎపిసోడ్‌లో మొదటి సెషన్‌లో ఎట్లా వినాలి అనేది మాట్లాడుకున్నాం. ఆ తర్వాత కౌన్సెలింగ్ కోర్సు చదువుతున్న కొందరు పిల్లలు నన్ను ఒకటే అడిగారు: "మేడం, టెస్టులు పెట్టడం నేర్పిస్తున్నారు, మార్కులు వేయడం నేర్పిస్తున్నారు. రిపోర్టు రాయమంటే మాత్రం చెయ్యి ఆడట్లేదు. ఎట్లా రాయాలి?" అని.

దానికి జవాబుగా ఈరోజు నేను తప్పుగా రాసిన ఒక రిపోర్టు గురించి చెప్తాను. బాగా రాసిన రిపోర్టుల కన్నా దాని నుంచే నేను ఎక్కువ నేర్చుకున్నాను. ఆ పిల్లవాడిని ఎవరూ గుర్తుపట్టకూడదు కాబట్టి పేరు, ఊరు, బడి చెప్పను. కొన్ని వివరాలు మార్చాను కూడా. ఈ పనిలో ఉన్నవాళ్లు కథ చెప్పేటప్పుడు కూడా పాటించాల్సిన మొదటి నియమం అదే.

అప్పుడు నేను ఖమ్మంలో ఉండి శిక్షణ తీసుకుంటున్నాను. ఫీల్డ్ వర్క్ భద్రాచలం అవతల పడింది. ఖమ్మంలో బస్సెక్కితే కొత్తగూడెం, పాల్వంచ దాటి, సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కి భద్రాచలం చేరతాం. అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు పోయే రోడ్డు పట్టుకుంటే పోనుపోను అడవి దగ్గరపడుతుంది. ఇంకా ముందుకుపోతే ఛత్తీస్‌గఢ్. ఆ రోడ్డు మీద ఒక ఆశ్రమ పాఠశాల. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఆశ్రమ పాఠశాల అంటే గిరిజన పిల్లలు అక్కడే ఉండి చదువుకునే ప్రభుత్వ బడి.

మూడో తరగతి పిల్లవాడు. కోయ కుటుంబం. టీచర్ గారు తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టి, "వీడు మొద్దండి మేడం. ఉలకడు, పలకడు. మీరే చూడండి" అన్నారు. ఆయన్ని నేను తప్పు పట్టట్లేదు. అంతమంది పిల్లల్ని పొద్దున్నుంచి రాత్రిదాకా చూసుకునే మనిషి. వీడి గురించి ఎవరినైనా అడగాలని ఆయనకు తోచింది, అదే గొప్ప. తప్పు నాది, అక్కడి నుంచి మొదలైంది.

నా సంచిలో బినే–కామత్ టెస్టు ఉంది. మన దేశంలో పిల్లల తెలివితేటలు కొలవడానికి చాలాచోట్ల వాడే పరీక్ష. అందులోని ప్రశ్నలు ఇక్కడ చెప్పను, ఎందుకంటే ప్రశ్నలు బయటికొస్తే పరీక్ష పనికిరాకుండా పోతుంది. ఇది కూడా గుర్తుపెట్టుకోండి. దాని లెక్క మాత్రం చెప్తాను. పిల్లవాడు ఏ వయసు ప్రశ్నల దాకా చేయగలిగాడో చూసి మానసిక వయసు కడతాం. దాన్ని అసలు వయసుతో భాగించి వందతో గుణిస్తాం. వీడి మానసిక వయసు 72 నెలలు వచ్చింది. బడి రిజిస్టరు ప్రకారం అసలు వయసు తొమ్మిదేళ్లు, అంటే 108 నెలలు. లెక్క వేస్తే 67. డెబ్బైకి కింద.

పరీక్ష అయ్యాక టీచర్ గారు గుమ్మం దగ్గర అడిగారు, "ఏం తేలింది మేడం?" అని. నేను ఇంకా శిక్షణలో ఉన్నదాన్ని. మా సూపర్‌వైజర్ గారు చూడలేదు, సంతకం పెట్టలేదు. అయినా అడిగితే చెప్పకపోతే బాగుండదేమో అనిపించింది. "కొంచెం తక్కువే ఉందండి. అరవై ఏడు" అన్నాను. అంతే, ఒక్క వాక్యం. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఖమ్మం వచ్చి రిపోర్టు రాశాను. రెండు పేజీలు. "పిల్లవాడు సహకరించలేదు. ఆసక్తి చూపలేదు. భాషా సామర్థ్యం తక్కువ. స్వల్ప స్థాయి మేధో వైకల్యం ఉన్నట్టు తెలుస్తోంది." అచ్చం పుస్తకంలో ఉన్నట్టు ఉందని నాకు నేనే మురిసిపోయాను.

మా సూపర్‌వైజర్ గారు రిపోర్టు పక్కన పెట్టేసి, నా నోట్‌బుక్ అడిగారు. సెషన్‌లో గబగబా గీకిన పుస్తకం. అది చదువుతూ ఒకచోట ఆగారు. "ప్రశ్న అడిగినప్పుడల్లా ఎడమకి మొహం తిప్పుతున్నాడు అని రాశావు కదమ్మా. ప్రతిసారీ ఎడమకేనా?"

ఆలోచించి, "అవును సార్, ప్రతిసారీ" అన్నాను.

"మరి రిపోర్టులో ఇది ఏదీ?"

"ఆసక్తి చూపలేదు అని రాశాను కదా సార్."

"మొహం ఎడమకి తిప్పితే కుడి చెవి ఎటు వస్తుంది?"

నాకు నోట మాట రాలేదు. వాడు మొహం తిప్పుకోలేదండీ, బాగా వినపడే చెవిని నా వైపు పెట్టాడు. నా మాట వినడానికి వాడు పడిన కష్టాన్ని నేను "ఆసక్తి లేదు" అని రాశాను.

చూశారా, నోట్‌బుక్‌లో ఉన్నది నేను చూసింది. రిపోర్టులో ఉన్నది నేను అనుకున్నది. చూసినదాన్ని తీసేసి అనుకున్నదాన్ని మిగిల్చాను. రిపోర్టు రాయడంలో కొత్తవాళ్లందరం చేసే పెద్ద తప్పు ఇదే.

తర్వాత ఆయన ఇంకో రెండు ప్రశ్నలు వేశారు. మొదటిది, "ఏ భాషలో అడిగావు?" తెలుగులో. ఇంట్లో వాడి భాష ఏమిటి? కోయ. తెలుగు వాడికి బడికొచ్చాక తగిలిన భాష. అసలు ఈ పరీక్షను వి.వి. కామత్ గారు 1930లలో మరాఠీ, కన్నడ మాట్లాడే పిల్లల మీద ప్రామాణీకరించారు. ఆ పిల్లలతో పోల్చి చెప్పే అంకెను, తెలుగులో అడిగి, చర్ల రోడ్డు మీద ఉన్న కోయ పిల్లవాడికి తగిలించాను. తగిలించినా తప్పులేదేమోగానీ, ఆ సంగతి రిపోర్టులో ఒక్క ముక్క రాయలేదు.

రెండోది, "పుట్టిన తేదీ ఎవరు చెప్పారు?" బడి రిజిస్టరు. జూన్ 1. చాలా బళ్లలో సగం మంది పిల్లలు జూన్‌లోనే పుట్టి ఉంటారు, మీరూ చూసే ఉంటారు. బడిలో చేర్చుకునే రోజున వేసిన తేదీలవి. తర్వాత అంగన్‌వాడీ రిజిస్టరు చూస్తే వీడికి ఒక ఏడు తక్కువ. అంటే 96 నెలలు. ఇప్పుడు లెక్క వేయండి. అదే 72ని 96తో భాగిస్తే 75. పిల్లవాడు మారలేదు, జవాబులు మారలేదు. ఒక్క తేదీ మారితే డెబ్బైకి కింద ఉన్నవాడు పైకొచ్చాడు.

ఇక్కడ కొందరు అడుగుతారు, "మరి ఈ డెబ్బై అనే గీత ఎందుకు, తీసేయొచ్చు కదా?" అని. భద్రాచలం వాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో 71.3. ఆ అంకెలు కావాలి. అవి లేకపోతే ఎప్పుడు లేవాలో, పిల్లాజెల్లాను ఎప్పుడు పైకి తరలించాలో తెలియదు. కానీ భద్రాచలం దగ్గర కొలిచిన 43 అన్ని ఊళ్లకూ ఒకటేనా? ఒక ఊరికి ఇంకా మొదటి హెచ్చరిక రాకముందే వాగు ఎదురుతన్ని రోడ్డు తెగుతుంది. ఇంకో ఊరికి రెండో హెచ్చరిక వచ్చినా గడప తడవదు. అంకె చెప్పేది "లేచి పోయి చూడు" అని. చూడకుండానే "ఊరు మునిగింది" అని రాసేస్తే ఎట్లా? టెస్టులో గీత కూడా అంతే. డిప్రెషన్ ప్రశ్నావళిలో పది మార్కులైనా, ఐక్యూలో డెబ్బై అయినా, అది లోతుగా చూడమనే హెచ్చరిక. రోగ నిర్ధారణ కాదు.

పైగా మేధో వైకల్యం అనాలంటే ఐక్యూ ఒక్కటే సరిపోదు. రోజువారీ పనులు, నలుగురితో మెలగడం కూడా వయసుకు తగ్గట్టు లేకపోవాలి. ఇదంతా ఎదిగే వయసులోనే మొదలై ఉండాలి. ఆ మాట రాసే అర్హత కూడా శిక్షణలో ఉన్న కౌన్సెలర్‌కు లేదు. మన దేశంలో పునరావాస మండలి చట్టం 1992లో వచ్చింది. క్లినికల్ సైకాలజిస్టులు అందులో నమోదై ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద సర్టిఫికెట్ ఇచ్చేది అధికారం ఉన్న వైద్యులు, బోర్డులు. మన పని గమనించి, స్క్రీనింగ్ చేసి, సరైన చోటికి పంపడం. నేను ఒకే వాక్యంతో ఆ గీత దాటేశాను.

సరే, మళ్లీ వెళ్లాం. ఈసారి సూపర్‌వైజర్ గారు కూడా వచ్చారు. మొదట ఆరోగ్య కేంద్రానికి పంపించాం. ఎడమ చెవిలో చీము. ఎప్పటి నుంచో కారుతోంది, ఎవరూ పట్టించుకోలేదు. మందులు రాసి, వినికిడి పరీక్షకు భద్రాచలం పంపారు. నిజానికి ఏ పిల్లవాడికైనా తెలివి కొలవడానికి ముందు చూపు, వినికిడి చూడాలి. మాకు క్లాసులో మొదటి వారమే చెప్పారు, పరీక్షలో కూడా రాశాను, పది మార్కులు కూడా వచ్చాయి.

భాషకు ఎవరు సాయం? బడివాళ్లు పదో తరగతి కోయ అబ్బాయిని ఇస్తామన్నారు. మా సార్ వద్దన్నారు. రేపు హాస్టల్‌లో ఈ పిల్లవాడి సంగతులన్నీ ఆ అబ్బాయి నోట ఉంటాయి. పక్క ఊరి నుంచి కోయ మాట్లాడే ఆశా కార్యకర్తను పిలిచాం. "అడిగింది అడిగినట్టే చెప్పు అక్కా, వాడికి సాయం చేయకు, ఇక్కడ విన్నది ఇక్కడే మర్చిపో" అని ముందే మాట తీసుకున్నాం.

బినే–కామత్ మళ్లీ పెట్టలేదు. అప్పటికే చూసిన ప్రశ్నలు, పైగా అప్పటికప్పుడు కోయలోకి మార్చి అడిగితే ఆ అంకెకు అర్థం ఉండదు. సెగ్విన్ ఫారం బోర్డు ఇచ్చాం. పది చెక్క ముక్కలు, వాటి గుంటల్లో వాటిని పెట్టాలి, మూడుసార్లు, టైం చూస్తాం. మాటలు అక్కర్లేదు. మూడోసారికి వాడి వేళ్లు చూస్తే నాకు ముచ్చటేసింది. తర్వాత రావెన్ గారి రంగుల మాట్రిసెస్, 36 బొమ్మలు. అది కూడా ఏ సంస్కృతీ అంటని పరీక్షేమీ కాదు, బొమ్మల పుస్తకం ఎరగని పిల్లలకు అదీ కొత్తే. అయినా వాడు వయసుకు తగ్గట్టు మధ్యస్థంగా చేశాడు.

వాళ్లమ్మతో వైన్‌ల్యాండ్ సామాజిక పరిపక్వత స్కేలు మీద మాట్లాడాం. ఆమె ముందు భయపడింది. "మా వాణ్ని బడి నుంచి తీసేస్తరా మేడం?" అని అడిగింది. కాదు, వాడికి ఏం సాయం కావాలో చూస్తున్నాం అని చెప్పాక తేరుకుంది. ఇంటికొస్తే మేకల్ని వాడే తోలుకుపోతాడట, ఒక్కటి కూడా తప్పిపోకుండా సాయంత్రానికి తోలుకొస్తాడట. వేసవిలో ఇప్పపువ్వు ఏరడానికి, తునికాకు కోతకు వెంట వస్తాడు. ఆకు కట్టలు కడుతుంటే లెక్కపెడతాడు. "తప్పు పోడు" అంది.

రెండో రిపోర్టు మళ్లీ రాశాను. వరస చెప్తాను, రాసుకోండి. ఎవరు, ఏ ప్రశ్నతో పంపారు. వివరాలు ఎవరెవరి నుంచి వచ్చాయి, పుట్టిన తేదీకి ఆధారం ఏమిటి. ఏ భాషలో, ఎవరి సాయంతో, ఏ గదిలో, ఎంత సేపు పెట్టాం. చూపు, వినికిడి ఎట్లా ఉన్నాయి. ఏం గమనించాం. ఆ తర్వాతే స్కోర్లు. స్కోరు పక్కనే దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో. చివరగా ఎవరు ఏం చేయాలో, బడివాళ్లు చదివితే అర్థమయ్యే మాటల్లో. "సహకరించలేదు" అన్న చోట ఇట్లా రాశాను: "మొదటి సెషన్‌లో తెలుగులో అడిగిన చాలా ప్రశ్నలకు మౌనంగా ఉన్నాడు. ప్రతిసారీ కుడి చెవిని అడిగేవారి వైపు తిప్పాడు. చేతితో చూపించి అడిగిన పనులు వెంటనే చేశాడు." 67ను దాచలేదు. అది ఎట్లా వచ్చిందో, దాన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోకూడదో రాశాను. సిఫార్సులు నాలుగే: చెవి వైద్యం పూర్తి చేయించడం, కుడి చెవి టీచర్ వైపు ఉండేలా ముందు వరసలో కూర్చోబెట్టడం, చదవడంలో అదనపు సాయం, ఆరు నెలలకు మళ్లీ చూడటం.

1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే మొదటి పరీక్ష తయారుచేసింది కూడా ఇందుకే, బడిలో సాయం కావాల్సిన పిల్లల్ని గుర్తించడానికి. తెలివి అనేది పెరగని, మారని అంకె అనుకోవడాన్ని ఆయన గట్టిగా కాదన్నాడు.

ఇప్పుడు ఆ గుమ్మం దగ్గర మాట సంగతి. రెండోసారి మేం బడిలో అడుగుపెట్టినప్పుడు పిల్లలు ఆడుకుంటున్నారు. ఒకడు గట్టిగా అరిచాడు, "ఒరేయ్ అరవై ఏడూ, బాల్ ఇటెయ్‌రా!" వీడు బాల్ విసిరాడు. ఆ పేరుకు అలవాటుపడిపోయి పలుకుతున్నాడు.

టీచర్ గారిని పక్కకు పిలిచి, ఆ అంకె తప్పు, అది చెప్పడం నా తప్పు అని క్షమాపణ అడిగాను. ఆయన పాపం నొచ్చుకున్నారు. స్టాఫ్ రూంలో అంటే ఎవరో పిల్లలు విన్నారట. రిపోర్టు అయితే వెనక్కి తీసుకుని కొత్తది ఇచ్చాం. ఆ మాటను వెనక్కి తీసుకునే మార్గం మాత్రం నాకు దొరకలేదు. ఆరు నెలలకు వెళ్లినప్పుడు వాడు ముందు వరసలో కూర్చుని, తడుముకుంటూ అయినా వాక్యం చదివాడు. బయటికొచ్చాక ఒకరిద్దరు ఇంకా ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

కాబట్టి శిక్షణలో ఉన్నవాళ్లకు ఒక పని ఇస్తున్నాను. మీరు చివరగా రాసిన రిపోర్టు తీయండి. మీరు కళ్లతో చూసినవాటి కింద ఒక గీత, మీరు అనుకున్నవాటి కింద రెండు గీతలు గీయండి. రెండు గీతల మాటలు ఎక్కువుంటే నోట్‌బుక్ తీసి మళ్లీ రాయండి. ఎవరైనా గుమ్మం దగ్గర "ఏం తేలింది?" అని అడిగితే, "రిపోర్టు పూర్తయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం సార్" అనడం అద్దం ముందు నిలబడి సాధన చేయండి. నవ్వొస్తుంది గానీ, చేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో రిపోర్టును తల్లిదండ్రులకు ఎట్లా చెప్పాలి, ముఖ్యంగా చదవడం రాని అమ్మానాన్నలకు ఎట్లా చెప్పాలి అనేది మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు. నమస్కారం.