రాగిరేకు మిగిలింది, రాగం పోయింది



రాయచోటిలో సాహిత్య సభ పెట్టుకుని అధ్యక్షుడు కంప్యూటర్ల మాట ఎత్తితే ముందు వరుసలోని పెద్దలకు విసుగు పుట్టవచ్చు. సీమ కథ మీదో, అవధానం మీదో మాట్లాడతాననుకుని వచ్చి ఉంటారు. మన్నించండి. నేను చెప్పబోయేదీ పుస్తకాల సంగతే.

2004లో నేనొక వ్యాస సంపుటి వేశాను. ఒక డి.టి.పి. సెంటరులో కంపోజు చేయించి, మూడుసార్లు ప్రూఫులు దిద్దాను. పని ముగిశాక అక్కడి కుర్రాడు ఫైలును సీడీలో వేసి, పైన స్కెచ్ పెన్నుతో నా పేరు రాసి చేతిలో పెట్టాడు. దాన్ని బీరువాలో పట్టుబట్టల కింద దాచాను. పోయిన ఏడాది రెండో ముద్రణ వేద్దామని ఆ సీడీ పట్టుకుని ఒక షాపుకు వెళితే, తెర మీద తెలుగే లేదు. డాలరు గుర్తులు, ఆశ్చర్యార్థకాలు, నడుమ నడుమ ఇంగ్లీషు అక్షరాలు. "ఆ ఫాంటు ఇప్పుడు యాడుంది సార్? మళ్లా టైపు చేయించుకోవాల్సిందే" అన్నాడు షాపు పిల్లోడు. రాసింది నేను, దిద్దింది నేను, డబ్బు కట్టింది నేను. తాళంచెవి మాత్రం నా దగ్గర లేదు.

ఆ రాత్రి అన్నమయ్య గుర్తొచ్చాడు. 2022 ఏప్రిల్‌లో ఆయన పేరున జిల్లా ఏర్పడినప్పుడు కేంద్రం చేసింది మన ఊరినే కదా. ఆయన వంశీకులైన తాళ్లపాకవారు ఆయన సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో భాండాగారం కట్టి దాచారు. శతాబ్దాలు ఎవరూ పట్టించుకోలేదు. 1922లో అవి మళ్లీ లోకానికి తెలిశాయి. రేకు చెక్కుచెదరలేదు, అక్షరం చెదరలేదు. పాట పైన రాగం పేరూ ఉంది. ఎలా పాడాలో చెప్పే స్వరం లేదు. ఆ పాడే తీరు మనుషుల గొంతుల్లో ఉండేది, ఆ గొంతులు పోయాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు కూర్చుని కొత్తగా వరసలు కట్టవలసి వచ్చింది. నా సీడీ కూడా అటువంటి రేకే. రాసింది లోపలే ఉంది, పలికించే సాధనం పోయింది.

ఇందులో మాయ ఏమీ లేదు. పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు బొమ్మలను కూర్చిపెట్టాయి. ఎవరి అమరిక వాళ్లది. ఒకరి ఫాంటులో 'క' ఉన్న గడిలో ఇంకొకరికి 'ఱ' ఉండవచ్చు. అందరికీ ఒకే అమరిక ఇచ్చే యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు సొంత గళ్లున్నా, మన అచ్చు రంగం చాలాకాలం ఆ వంక చూడలేదు. పత్రికల వెబ్‌సైట్లూ తలా ఒక ఫాంటు పెట్టుకున్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి వెన్న నాగార్జున 'పద్మ' అనే పనిముట్టు తయారుచేసి, దాని మూలాన్ని అందరికీ తెరిచి ఉంచారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు పునాది వేసిందీ ఆయనే.

ఇక ఆ మూలాన్ని తెరవాలా, మూసి ఉంచాలా అన్న అసలు తగాదా. 1976లో బిల్ గేట్స్ అభిరుచి కొద్దీ కంప్యూటర్లు వాడేవాళ్లకు ఒక బహిరంగ లేఖ రాశాడు. డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేరు కాపీ చేసుకోవడం దొంగతనమన్నాడు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అందుకు భిన్నంగా గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పథకాన్ని ప్రకటించాడు. ప్రోగ్రాము మూలం చదవడం, మార్చడం, పంచడం వాడేవాడి హక్కన్నాడు. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు కెర్నెల్, అంటే గుండెకాయ, రాసి ఊరి మీదికి వదిలాడు. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చాడు. 2014లో అదే కంపెనీ కొత్త అధిపతి సత్య నాదెళ్ల, లినక్స్ అంటే మాకు ప్రేమ అన్నారు. ఆయన తండ్రి యుగంధర్‌గారిది అనంతపురం జిల్లా బుక్కాపురం, అంటే మన సీమే. పదమూడేళ్లలో జబ్బు కాస్తా ప్రేమ ఎలా అయిందయ్యా అంటే, క్లౌడ్‌లో అద్దెకిచ్చే యంత్రాలకు గిరాకీ లినక్స్ మీదే ఉంది. ప్రేమలో లెక్క కూడా ఉంది.

కాబట్టి రాజీ కుదిరిందంటారు. కుదిరింది కంపెనీలకూ లినక్స్‌కూ మధ్య. బల్ల మీది కంప్యూటరు సంగతి వేరు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. నిన్నటిదాకా చక్కగా నడిచిన యంత్రం తెల్లారేసరికి ముసలిదైపోయింది. అదే యంత్రం మీద లినక్స్ ఇంకో అయిదారేళ్లు హాయిగా నడుస్తుంది.

కంపెనీలు మనకేమీ చేయలేదని అనను, అది అన్యాయం. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చాకే మనలో చాలామంది కంప్యూటరులో తెలుగు చూశాం. అయితే లాభం లేనిచోట కంపెనీ ఓపిక ఎంత? 2005లో మొదలైన హైదరాబాదు స్వేచ్ఛ బృందం, డెబియన్ అనే లినక్స్ రూపాన్ని ఆధారం చేసుకుని తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. కాలేజీ పిల్లలు, అధ్యాపకులు జీతం లేకుండా కూర్చుని మెనూలను తెలుగు చేశారు. తెరిచి చూడండి: ఫైలుకు దస్త్రం, ఫోల్డరుకు సంచయం. దస్త్రం మన తాలూకా కచేరీల పాత మాటే. సంచయం నాకు నచ్చలేదు, నోటికి బరువు. నచ్చకపోతే మార్చమని రాయవచ్చు, వాదించవచ్చు. కంపెనీ మెనూలో తప్పు కనబడితే ఎవరితో వాదిస్తాం?

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అంటే ఉచితం అనుకుంటారు కొందరు. గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు పాలకోవా కొనని వాళ్లు మనలో ఎవరు? కోవా చేసే తీరు రహస్యం కాదు, పాలు మరగబెట్టడం అందరికీ తెలుసు. అయినా వ్యాపారం ఆగలేదు. లినక్స్‌ను అమ్మి, సేవలు చేసి బతికిన రెడ్‌హ్యాట్‌ను ఐ.బి.ఎం. 2019లో 3400 కోట్ల డాలర్లకు కొన్నది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పక్షానా లోపాలున్నాయి. అచ్చుపని చేసేవాళ్లకు అలవాటైన పేజీ మేకప్ సాఫ్ట్‌వేరు లినక్స్ మీద దొరకదు. స్వచ్ఛందంగా పనిచేసేవాడికి పెళ్లయి ఉద్యోగం మారితే పని సగంలో ఆగుతుంది. ఇవి తెలిసే చెబుతున్నాను: కంప్యూటరు మీకు నచ్చింది వాడండి, రాసింది మాత్రం యూనికోడ్‌లో రాయండి. అచ్చుకిచ్చేటప్పుడు పి.డి.ఎఫ్.తో పాటు యూనికోడ్ ఫైలు కూడా అడిగి తీసుకోండి. ఫాంట్లకు లోటు లేదు. పెద్దన, ధూర్జటి, మల్లన్న పేర్లతో సిలికానాంధ్ర ద్వారా వచ్చిన ఫాంట్లు ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. కృష్ణరాయల కొలువంతా ఉచితంగా దొరుకుతోంది, ఇంకేం కావాలి!

మధ్యాహ్నం భోజనాలయ్యాక పక్క గదిలో ఇద్దరు కుర్రాళ్లు కంప్యూటర్లు పెట్టుకుని కూర్చుంటారు. పాత సీడీలు, పెన్‌డ్రైవులు తెచ్చినవాళ్లు వాళ్లకివ్వండి, మార్చగలిగినంత మార్చి ఇస్తారు. నా సీడీ వరసలో మొదటిది.