పెండ్లి వీడియోలో పరుల పాట



నేడు పల్లెలలో సైతము వీడియో లేని పెండ్లి యరుదు. పెండ్లి ముగిసిన కొన్ని దినములకు వీడియోగ్రాఫరు దానికి సినిమా పాటలు చేర్చి యిచ్చును. దూరదేశమందలి బంధువులు చూడవలెనని పిల్లలు దానిని యూట్యూబునందుంతురు. అంతట ఆ పాట యొరులదని యొక సూచన వచ్చును. కొన్నియెడల వీడియో యాగిపోవును, లేదా ధ్వని వినరాకుండును. 'మా సొమ్ముతో తీయించుకొన్న వీడియోపై అన్యులకు హక్కేమి?' యని పలువురు నన్నడిగినారు. దానికి సమాధానము చెప్పుటయే నా యుద్దేశము.

వీడియో మీదే, పాట మాత్రము మీది కాదు. ఒక సినిమా పాటలో మూడు హక్కులు కలసియున్నవి. సాహిత్యము వ్రాసిన కవిది యొకటి, బాణీ కట్టిన సంగీతకర్తది యొకటి, ధ్వనిముద్రణ చేయించినవారిది యొకటి. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ఈ మూడింటిని కాపాడుచున్నది. 2012లో ఆ చట్టమును సవరించి, కవికిని సంగీతకర్తకును రాయల్టీలో వాటా దక్కునట్లు చేసిరి. కావున పాట వెనుక కంపెనీ మాత్రమే గాక, కలముపై బ్రతుకు మనిషియు నున్నాడు.

అట్లైన పెండ్లిపందిటిలో పాట వేయుటయు తప్పేయని శంకింపవలదు. ఆ చట్టమందలి 52వ సెక్షను, పెండ్లి యూరేగింపులోను, వివాహసంబంధమైన వేడుకలలోను పాట వినిపించుటకు మినహాయింపు నిచ్చినది. ఆ మినహాయింపు ఆ వేడుకకే. ఆ పాటనే వీడియోకు చేర్చి లోకమునకెల్ల వినిపించుట వేరుపని. దానికి అనుమతి కావలెను. పొరుగువాని బావిలో దప్పిక తీర్చుకొనుటకును, ఆ నీటిని కాలువ త్రవ్వి మన చేనికి పారించుకొనుటకును భేదము లేదా?

పది సెకండ్లు వాడిన తప్పులేదనియు, పాట ఫలానావారిదని వ్రాసిన చాలుననియు కొందరి నమ్మకము. పెండ్లి వీడియోకు అట్టి వెసులుబాటు చట్టమున లేదు. యూట్యూబు 2007 నుండి, హక్కుదారులిచ్చిన నమూనాలతో ప్రజల వీడియోలను యంత్రముచేతనే పోల్చి చూచుచున్నది. పోలిక కుదిరినచో వీడియోను ఆపించుటయో, ప్రకటనల రాబడిని తాము గైకొనుటయో హక్కుదారుల యిష్టము.

పాత పాటల సంగతి వినుడు. ధ్వనిముద్రణకు రక్షణ 60 ఏండ్లు. 1960లో వెలువడినదానికి 2020తో గడువు తీరినది. కాని సాహిత్యమునకును బాణీకిని, కర్త మరణించిన పిదప 60 ఏండ్లు రక్షణ కలదు. ఘంటసాల 1974లో కీర్తిశేషులైరి. వారు కట్టిన బాణీలకు 2034 చివరివరకు హక్కు నిలిచియుండును. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిరి. వారి కీర్తనలు అందరి సొత్తు. అయినను నేటి గాయకుడు పాడిన ముద్రణకు వేరే హక్కు కలదు. ఆ కీర్తనను మన యింటివారే పాడినచో ఆ చిక్కు లేదు.

ఇంతకంటె నన్ను బాధించునది మరియొకటి కలదు. సినిమా పాట చేర్చునపుడు పందిటిలోని సహజధ్వనిని తరచుగా తీసివేయుదురు. పురోహితుని మంత్రము, సన్నాయి మేళము, నలుగు పెట్టునపుడు ముత్తైదువలు పాడిన పాట, అప్పగింతలవేళ మామ్మగారి వణకు గొంతు, ఇవన్నియు పోవును. సినిమా పాట ఎక్కడనైనను దొరకును; మామ్మగారు గతించిన పిమ్మట ఆ గొంతు దొరకదు. చేర్చిన పాటయు నాగిపోయినచో వీడియో మూగదగును.

కావున వీడియోగ్రాఫరుకు బయానా ఇచ్చునాడే రెండు మాటలు చెప్పుడు. మొదటిది, అసలు ధ్వనితో కూడిన ప్రతిని వేరుగా నిమ్మనుట. రెండవది, పరుల పాటకు బదులు మన స్త్రీలు తరతరములుగా పాడుచున్న పెండ్లిపాటలను, మన యూరి మేళమును చేర్చుమనుట. పాడినవారి సమ్మతి నడుగుట మరువకుడు. చట్టమున వారికిని ప్రదర్శకుల హక్కు కలదు.

ఈ మాట పిల్లలు చెప్పిన వీడియోగ్రాఫరు వినకపోవచ్చును. పెద్దలు చెప్పిన తప్పక వినును. సెలవు.