గాలపు కర్ర పక్కన ఒక నోటు పుస్తకం



నీరు చెడిందన్న సంగతి ఊరిలో అందరికంటే ముందు ఎవరికి తెలుస్తుంది? తెల్లవారకముందే గట్టు మీద కూర్చుని, బెండు మీద చూపు నిలిపిన మనిషికి తెలుస్తుంది. నిన్నటిదాకా ఎర ముట్టిన చేప నేడెందుకు ముట్టలేదో, నురగ ఏ తూము వైపు నుంచి వస్తున్నదో, నీటి వాసన ఏనాడు మారిందో అతడు గమనిస్తాడు. అయితే ఆ తెలివిడి అతనితోనే ఇంటికి పోతుంది. ఎక్కడా నమోదు కాదు. ఈ లోటును గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

కొన్నేళ్ల క్రిందట ఒక వేకువజామున ఉప్పుటేటి ఒడ్డున జెల్లలు, చిన్న పండుగప్పలు వెల్లకిలా తేలి ఉండడం కళ్లారా చూశాను. సంబంధించిన కార్యాలయానికి కబురు పంపాము. మనిషి వచ్చేసరికి మూడవ రోజయింది. అప్పటికి నాలుగు పోట్లు వచ్చి, నాలుగుసార్లు పాటు తీసింది. నీటిని పరీక్షించారు, దోషమేమీ కనబడలేదు. "మామూలు రోజుల్లో ఈ నీరు ఎలా ఉంటుంది?" అని ఆయన అడిగారు. మాలో ఎవరి వద్దా సమాధానం లేదు. ఆలస్యం వారిదే అయినా, ఆ ప్రశ్న మాత్రం న్యాయమైనది.

ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకున్న గాలపు వేటగాళ్లు ఇతర దేశాల్లో ఉన్నారు. అమెరికాలో 1922లో చికాగో నగరాన 54 మంది కలిసి స్థాపించిన ఐజాక్ వాల్టన్ లీగ్, 1969 నుంచి వాగుల పరిశీలనను ప్రజల చేతికి అందించింది. బ్రిటన్‌లో రివర్‌ఫ్లై పార్టనర్‌షిప్ శిక్షణ ఇచ్చిన గాలపు వేటగాళ్లు నెలకొకసారి తమకు కేటాయించిన చోట ఏటిలోకి దిగుతారు. మూడు నిమిషాలు అడుగును కాలితో కదిపి, లేచిన పురుగులను వలలో పడతారు. మరొక నిమిషం రాళ్లను తిరగేసి చూస్తారు. ఎనిమిది రకాల జీవులను లెక్కించి మార్కులు వేస్తారు. మార్కులు ముందుగా నిర్ణయించిన హద్దుకు దిగువన పడితే వెంటనే ప్రభుత్వ సంస్థకు తెలియజేస్తారు.

దీని ప్రయోజనం 2013 జూలైలో కెన్నెట్ నది మీద తేటతెల్లమయింది. మార్ల్‌బరో పట్టణానికి దిగువన ఆ పురుగులు దాదాపు మాయమైనట్టు స్వచ్ఛంద పరిశీలకులు కనిపెట్టారు. అధికారుల పరీక్షలో క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు బయటపడింది. సుమారు 15 కిలోమీటర్ల మేర నది దెబ్బతిన్నది. మన వరిచేలలోనూ, ఇళ్లలో చెదల నివారణకూ వాడుతూ వచ్చిన మందే అది. అంతకుముందు నెలల లెక్కలు చేతిలో ఉండబట్టే ఆ పతనం వారి కంటపడింది.

అయితే ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తేవడం కుదరదు. అవి రాళ్ల మీద పారే మంచినీటి ఏళ్లు. మనవి బురద అడుగుతో, పోటుపాట్లతో నడిచే ఉప్పుటేళ్లు. ఆ పురుగులు మన వద్ద కొలబద్ద కాలేవు. మనం కొలవవలసినవి వేరు: నీటిలో కరిగిన ప్రాణవాయువు, పి.హెచ్., ఉప్పుదనం, ఉష్ణోగ్రత, నీటి తేటదనం. రొయ్యల చెరువుల రైతులు నిత్యం వాడే పరీక్ష కిట్లే ఇందుకు సరిపోతాయి.

వీటిలో ప్రాణవాయువు ముఖ్యం. పగలు నీటి మొక్కలు, నాచు దానిని తయారుచేస్తాయి. రాత్రి అవి కూడా శ్వాసకు దానినే వాడుకుంటాయి. మురుగు కలిస్తే దానిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మరికొంత లాగేస్తాయి. కనుక అది అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామున. మధ్యాహ్నం కొలిచి బాగుందనుకుంటే మోసపోతాము. మీరు గాలం వేసే వేళే సరైన వేళ. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చేపల పెంపకానికి తగిన మంచినీటికి చెప్పిన ప్రమాణం: ప్రాణవాయువు లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గరాదు, పి.హెచ్. 6.5 నుంచి 8.5 వరకు ఉండాలి. ఉప్పునీటికి ప్రమాణాలు వేరైనా, ఈ అంకెలు మనకు తొలి గుర్తుగా పనికివస్తాయి.

ఒక్క అంకెతో ఏదీ తేలదు. వేసవిలో కాలువలు కట్టివేసే రోజుల్లో ఉప్పుదనం పెరుగుతుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు తేటదనం పోతుంది. ఇవి దోషాలు కావు, ఋతుధర్మాలు. అందుచేత ఒకే చోట, ఒకే వేళ, పోటో పాటో రాసిపెట్టి, కనీసం ఏడాది పాటు కొలవాలి. కొలిచింది బాగున్న రోజున కూడా రాయాలి. బాగున్న రోజుల లెక్కే చెడ్డ రోజుకు సాక్ష్యం.

రెండు హెచ్చరికలు కూడా చేయాలి. మన అంకెలతో ఎవరినీ దోషులని ప్రకటించరాదు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం కోర్టులో చెల్లే నమూనాను నిర్ణీత పద్ధతిలో తీయవలసినది అధికారులే. మన పుస్తకం తీర్పు కాదు. వారిని వేళకు పిలిచే గంట. కొలత తేడాగా ఉంటే మరోసారి కొలిచి, తేదీ, వేళ, చోటు, ఫొటోలతో పురపాలక సంఘానికీ, పుదుచ్చేరి కాలుష్య నియంత్రణ కమిటీకీ అదే పూట తెలపాలి. ఇక, చచ్చి తేలిన చేపలను వట్టి చేతులతో తాకరాదు, తినరాదు, అమ్మరాదు.

నేను కోరేది పెద్దది కాదు. నాలుగు చోట్లు, చోటుకు ఇద్దరు మనుషులు, నెలకు ఒక ఆదివారపు తెల్లవారుజాము. కిట్లనూ, పుస్తకాలనూ పురపాలక సంఘం సమకూర్చాలనీ, ప్రతి నెల అంకెలను కార్యాలయపు నోటీసు బోర్డు మీద అందరికీ కనిపించేలా ఉంచాలనీ విన్నవిస్తున్నాను. పులస కోసం పరుగెత్తే ఊరు మనది. ఆ పులస ఈదే నీటి సంగతి కూడా మనకు తెలిసి ఉండాలి. ఇకమీదట ఎవరైనా వచ్చి "మామూలు రోజుల్లో ఈ నీరు ఎలా ఉంటుంది?" అని అడిగితే, మారు మాటాడకుండా పుస్తకం తెరిచి చూపగలగాలి.