వార్ధక్యమున వస్తువుల ఎంపిక



వయసు మళ్ళిన తల్లిదండ్రులకు పట్టణములనుండి బిడ్డలు పంపు కానుకలలో నేడు మెత్తని సోఫా యొకటి. అందు కూర్చుండుట సుఖమే, లేచుటయే కష్టము. నడుము మోకాళ్ళకంటె దిగువకు క్రుంగినచో దేహభారమంతయు తొడలే ఎత్తవలసివచ్చును. వయసుతో తగ్గుచు వచ్చునది ఆ బలమే. గుడ్డ పడకకుర్చీకిని ఈ దోషము కలదు. అందు పత్రిక చదువుచు కునుకుతీయు సుఖ మెరిగినవారు ఒప్పుకొనకపోవచ్చును! పాదములు నేల కానవలెను. చేతులూని ఒకరి సాయము లేక లేవవలెను. కావున కూర్చుండువారే దుకాణమునకుపోయి, రెండుమూడు మారులు కూర్చుండి లేచి, పిమ్మట బేరమాడుట మంచిది. ఇంటనున్న కొయ్యకుర్చీకి ఎత్తు చాలనిచో వడ్రంగిచే కాళ్ళక్రింద దిమ్మెలు వేయించిన చాలును. నులకమంచము నడుమ జారినచో కాళ్ళవైపు త్రాళ్ళు బిగించుకొనవచ్చును.

ఇక కన్నులమాట. 40 ఏండ్లకు వచ్చునది గనుకనే చత్వారమని పేరు. అక్షరములు ఆనక గ్రంథాలయమునకు వచ్చుటయే మానుకొన్న వృద్ధులు ఏ యూరనైనను కలరు. సంతలో దొరకు అద్దములకు రెండువైపుల ఒకే బలముండును. కన్నులు రెండును తరచు సమముగా నుండవు. శుక్లమున్నదో లేదో ఆ యద్దములు చెప్పజాలవు. పరీక్ష చేయించుకొనియే కొనవలెను. 60 ఏండ్లవారికి 20 ఏండ్లవారికంటె సుమారు మూడింతల వెలుతురు కావలెను. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము పూర్వపు 60 వాట్ల బల్బంత వెలుగిచ్చును. దాని మీట మంచముమీదినుండి చేతికందవలెను. రాత్రివేళ చీకటిలో పడి తుంటియెముక విరిగినవారిలో పలువురు మరల మునుపటివలె నడువలేకున్నారు.