విందు అన్నము – గొడ్డు చొంగ
(పటమటలో పాడిరైతుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



ప్రయోగశాలలో కుక్కకో, పిల్లికో పొడిచే సూదిమందుకూ, మన గొడ్ల సావిడికీ ఏమి సంబంధమని మీరు అడుగవచ్చును. సంబంధమున్నది. నేను పైర్లను గురించి పాఠములు చెప్పువాడనే గాని పశువైద్యుడను కాను. అయినను మేతతో ముడిపడిన సంగతి గనుక చెప్పుచున్నాను.

హిస్టమిన్ అను పదార్థము జంతువుల శరీరములో సహజముగా ఉండును. మాంసకృత్తులలోని హిస్టిడిన్ నుండి అది పుట్టును. 1910లో ఇంగ్లండులో డేల్, లైడ్లా అను శాస్త్రజ్ఞులు దాని గుణములను పరీక్షించి ప్రకటించిరి. రక్తములోనికి ఎక్కించినచో సన్నని రక్తనాళములు వెడల్పగును, రక్తపు పోటు పడిపోవును. కుక్కలలో, పిల్లులలో లాలాజల గ్రంథులు కదలి చొంగ ఊరును.

ఇక మన పశువు సంగతి. పెద్ద ఆవు రోజుకు 100 లీటర్లకు పైగా లాలాజలము ఊరించును. అందులో వంటసోడా వంటి క్షారము కలదు. గడ్డి నమలి నెమరు వేసినకొద్దీ అది పెద్దపొట్టలోనికి దిగి, అక్కడి పులుపును విరుచును. దేవుడు గొడ్డు నోటనే పెట్టిన మందు ఇది.

పటమట నేడు విజయవాడ నగరములో కలిసిపోయినది. పచ్చిమేత దొరకుట కష్టము, విందులలో మిగిలిన అన్నము దొరకుట సులభము. పారవేయుట పాపమని గంపలతో గేదె ముందు కుమ్మరింతురు. అన్నమునకు నమలుడు లేదు, కనుక చొంగ ఊరదు. పొట్టలో అది వేగముగా పులిసి లాక్టిక్ ఆమ్లమగును. హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చు క్రిములును అచ్చట ఉన్నవి. అట్టి జాతి నొకదానిని 2002లో ఆవు పొట్ట నుండి వేరుచేసిరి.

హిస్టమిన్ చొంగ ఊరించును గదా, పులుపు దానంతటదే విరుగదా అందురేమో. విరుగదు. పులుపు ముదిరిన గొడ్డు నెమరు మానును. నెమరు లేనిచో లాలాజలము తగ్గును. పైగా పొట్టగోడ చెడి విషపదార్థములు రక్తములో కలియును.

మేత ముట్టకపోవుట, పొట్ట బిగియుట, పుల్లని కంపుతో పల్చగా పారుకొనుట, తూలుట దీని గుర్తులు. అవి కనిపించినచో రేపటికి ఆగకుడు. కడుపారా నీళ్లు త్రాగనీయక, వెంటనే పశువైద్యుని పిలువుడు. ప్రొద్దున నిలబడిన గేదె మరునాటికి దక్కకపోవచ్చును.

రాకుండ చూచుకొనుట మన చేతిలోని పని. ముందు ఎండుగడ్డి వేసి, పిదపనే దాణా పెట్టవలెను. అన్నము పెట్టక తప్పనిచో కొద్దిగా, గడ్డిముక్కలతో కలిపి పెట్టవలెను. కళ్లములో వడ్లరాశి దరికి గొడ్డును రానీయరాదు. మాగాణి ఉన్నవారు వరి వెనుక పిల్లిపెసర, జనుము చల్లుకొని, ఆ మేతను వరిగడ్డితో కలిపి వేయవలెను.

అన్నము పారవేసినచో పోవునది గంపెడు మెతుకులే. గేదె పోయినచో ఇంటిపాడియే పోవును.