సూర్యశక్తియు తీరవాసుల కర్తవ్యమును
(మత్స్యకార సంఘ వార్షిక మహాసభయందు చేయబడిన ఉపన్యాసము)

   

 నేను పండితుడను గాను. వేటకు బోవు కుటుంబమున బుట్టి, పెద్దల దయవలన కొంత చదువుకొన్నవాడను. మన సభలయందు విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, ఐకమత్యమును గూర్చియు ప్రసంగించుట పరిపాటి. నేడు నేనెన్నుకొన్న విషయము వానికి దూరమైనట్లు తోచవచ్చును. అది మన పడవలలో బోయు చమురును గూర్చినది. మన యిండ్లపై బడు యెండను గూర్చినది. అయినను తుదకది మన కూటిని గూర్చినదే యని మీకే విశదము కాగలదు.

మన శ్రీకాకుళ పట్టణము చెంతనే అరసవల్లి క్షేత్రమున్నది. 7వ శతాబ్దమున కళింగ గంగరాజైన దేవేంద్రవర్మ ఆ సూర్యదేవాలయమును నిర్మింపజేసెనని ప్రసిద్ధి. మార్చి, అక్టోబరు మాసములలో బాలభానుని కిరణములు స్వామి పాదములను దాకుట జూచుటకు వేలకొలది జనులు వత్తురు. రథసప్తమినాడు మనలో నా క్షేత్రమునకు బోనివారరుదు. అట్టి సూర్యుని మనము మ్రొక్కుటయే గాక పనికిని బెట్టుకొన్నాము. నౌపడ మళ్ళలో సముద్రజలము ఉప్పగుట యెండవలననే. మన యాడువారు ఇసుకమీద నారవేసిన చేప యెండుటయు ఆ యెండవలననే. కావున సూర్యశక్తి యను మాట క్రొత్తదిగా వినబడినను, ఆ సంగతి మన తీరమునకు క్రొత్త గాదు.

గాలి విషయము నట్టిదే. మా తండ్రిగారు కొయ్యతెప్పమీద తెఱచాప యెత్తి వేటకు బోయెడివారు. గాలి యనుకూలించిన నాడు దూరము పోయెడివారు. అనుకూలింపని నాడు తెడ్డు వేసెడివారు, లేదా యింటనుండెడివారు. ఆ జీవితమున కష్టము మిక్కుటము, ప్రాణాపాయము నుండెను. దానిని బంగారు కాలమని నేను చెప్పను. యంత్రము వచ్చినపిమ్మట శరీరశ్రమ తగ్గినది. తుపాను హెచ్చరిక విన్నవాడు వేగముగా ఒడ్డు చేరగలిగినాడు. అది మేలే. కాని తెఱచాప నాటి వేటగాడు గాలికి వెల యియ్యలేదు. నేటి వేటగాడు వల వేయకముందే చమురునకు వెల యియ్యవలయును. చేప పడినను పడకున్నను ఆ ఋణము తీర్పక తప్పదు. మా యన్నగారు వేటనుండి వచ్చి మొదట లెక్కించునది చేపను గాదు. డబ్బాలో మిగిలిన డీజిలును.

ఆ డీజిలు మనది గాదు. భారతదేశము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు మించి విదేశములనుండియే వచ్చుచున్నది. 2022వ సంవత్సరమున రష్యా ఉక్రెయినుపై దండెత్తగా, ఆ మార్చి మాసముననే ముడిచమురు పీపా వెల 120 డాలర్లను దాటినది. ఎచ్చటి యుద్ధము! ఎచ్చటి మన బారువ రేవు, భావనపాడు రేవు! ప్రభుత్వమువారు మన దుస్థితి నెఱిగి, వేట పడవలకిచ్చు డీజిలు రాయితీని 2019లో లీటరునకు 9 రూపాయలకు బెంచిరి. అందుకు కృతజ్ఞులము. అయినను రాయితీ నొప్పిని తగ్గించునే గాని రోగమును మాన్పదు.

రేవులు చాలకయు, చేప తగ్గియు, చమురు ఖర్చు పెఱిగియు మన పిల్లలు గుజరాతు రాష్ట్రమందలి వేరావలునకు కూలివేటకై వలస పోవుచున్నారు. 2018 నవంబరులో అట్లు పోయిన శ్రీకాకుళ, విజయనగర జిల్లాల సోదరులు పాకిస్తానువారికి బందీలై, సంవత్సరమునకు పైగా చెఱయందుండి, 2020 జనవరిలో విడుదల పొందిరి. ఆ పదునాలుగు మాసములు వారి తల్లుల, భార్యల దుఃఖమును జూచినవారికి ఒడ్డుననే కూడు దొరకవలెనను మాటకు అర్థము తెలియును.

ఇక తుపానుల మాట. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతమున తీరము దాటి ఉద్దానమును నేలమట్టము చేసినది. కొబ్బరి, జీడి తోటలతోపాటు విద్యుత్ స్తంభములు వేలకొలదిగా గూలినవి. మా బంధువుల గ్రామమున నీళ్ళ ట్యాంకు చెక్కుచెదరకుండ నిలిచియుండెను గాని, దానికి నీరెక్కించు మోటారునకు విద్యుత్తు లేదు. డీజిలు జనరేటరు వంతులవారీగా ఊరూరు దిరుగుచుండగా స్త్రీలు బిందెలు వరుసగా బెట్టుకొని రాత్రియంతయు గూర్చుండిరి. తుపాను వెడలిన మఱునాడే యెండ తీవ్రముగా గాచినది. ఆ యెండలో, నిండు బావి పక్కన, త్రాగునీరు లేక జనులు గూర్చుండుట నేను కన్నులార జూచితిని. ఈ యుపన్యాసమునకు బీజమచ్చటనే పడినది.

మహాశయులారా! మన జిల్లావారు ఈ విషయమున నిద్రించియుండలేదు. సోంపేట బీలను మీరెఱుగుదురు. వాననీరు చేరి, వేసవియందును ఎండక, రైతునకు వరియు, మనవారికి చేపయు, పశువులకు గ్రాసమునిచ్చు చిత్తడినేల యది. అచ్చట 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రము కట్టుటకు అనుమతు లిచ్చిరి. రైతులును మత్స్యకారులును భేదము మఱచి యొక్కటైరి. డాక్టరు వై. కృష్ణమూర్తిగారు మున్నగువారు పర్యావరణ పరిరక్షణ సంఘము పక్షమున ప్రజలను గూడగట్టిరి. కేంద్రప్రభుత్వమున విద్యుత్ శాఖా కార్యదర్శిగా బనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మగారు విశాఖపట్టణమునుండి అధికారులకు లేఖలు వ్రాసి, చట్టము నెత్తిచూపిరి. 2010 జూలై 14వ తేదీన పోలీసు కాల్పులలో ఇద్దరు నేలకొరగిరి, పలువురు గాయపడిరి. ఆనాడే జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీవారు ఆ కేంద్రమునకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దుచేసిరి. ఒక్కనాడే యటు ప్రాణములు పోయినవి, యిటు న్యాయము దొరకినది. మఱుసటి సంవత్సరము 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర విషయమునను కాల్పులు జరిగి రక్తము చిందినది.

ఈ చరిత్రవలన నేను నేర్చుకొన్న పాఠములు రెండు. మొదటిది, జనబలము వీధిలో నిలిచినప్పుడు, కాగితము కచేరిలో నిలువవలయును. ఒకటి లేక రెండవది నెగ్గదు. రెండవది కొంచెము చేదైనది. సోంపేట నాటి రోజులలో నొక యధికారి నన్ను జూచి, "అయ్యా, మీకు బొగ్గు కేంద్రము వలదు. దీపము మాత్రము కావలెను. ఆ విద్యుత్తు ఎక్కడినుండి తెమ్మందురు?" అని యడిగెను. ఆయన వెటకారముగా నడుగలేదు; నిజముగనే యడిగెను. నేను తలవంచుకొంటిని. పరవాడ చెంతనున్న 2000 మెగావాట్ల సింహాద్రి కేంద్రము ఒడిశాలోని తాల్చేరు బొగ్గును కాల్చుచున్నది. ఆ బొగ్గు త్రవ్వినచోటను మనవంటి పల్లెలున్నవి. మన బీలను గాపాడుకొని వారి నేలను కాల్చుకొన్న దీపముక్రింద మనము భోజనము చేయుచున్నాము. వలదనుటకు మనకు హక్కున్నది. వలదన్నవారికి మఱియేమి కావలెనో చెప్పవలసిన బాధ్యతయు నున్నది. ఇన్నియేండ్లకు ఆ ప్రశ్నకు నేను చెప్పదలచిన యుత్తరమే నేటి ప్రసంగము.

ముందుగా నొక భేదము గ్రహింపవలయును. బొగ్గు వేఱు, చమురు వేఱు. మన దేశమున విద్యుత్తు ముఖ్యముగా బొగ్గునుండి వచ్చుచున్నది; చమురు పడవలకును, బండ్లకును, పంపులకును, జనరేటర్లకును బోవుచున్నది. ఇంటికప్పుపై సౌరఫలకము పెట్టినంత మాత్రమున పడవలో డీజిలు తగ్గదు. కావున రెండు రోగములకు రెండు మందులు వలయును.

మొదటి మందు కప్పులకు సంబంధించినది. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వమువారు ప్రారంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకమునందు కోటి యిండ్లకు సౌరఫలకములమర్చుట లక్ష్యము. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటునకు 30,000 రూపాయల వంతునను, మూడు కిలోవాట్లు, అంతకు పైబడినచో మొత్తము 78,000 రూపాయలును సహాయము నిర్ణయింపబడినది. డాబాలున్న మన సోదరులు దీనిని విడువరాదు. కాని యొక హెచ్చరిక. సామాన్యముగా నమర్చు ఫలకములు విద్యుత్ తీగతో గలిసి పనిచేయును; తీగలో విద్యుత్తు పోయిన వెంటనే అవియు నాగిపోవును. తుపాను నాడు దీపము వెలుగవలెనన్న బ్యాటరీ, దానికి దగిన ఇన్వర్టరు నుండవలయును. రేకుల యిండ్లవారు నిరాశపడ నక్కఱలేదు. ఊరి తుపాను ఆశ్రయభవనము, బడి, నీళ్ళ మోటారు, ఈ మూటికి బ్యాటరీతో గూడిన సౌరవిద్యుత్తు అమర్చినచో ఊరంతటికిని మేలు. నాడు నేను జూచిన బిందెల వరుస మరల జూడనక్కఱ యుండదు.

రెండవది మన యాడువారి పని. ఇసుకమీద నెండిన చేపకు మట్టి యంటును, ఈగ ముసురును, వాన వచ్చిన పూట సరుకంతయు గుళ్ళును. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థవారు సూర్యుని వేడితో చేపల నెండబెట్టు యంత్రములను నిర్మించిరి. ఆ సంస్థకు విశాఖపట్టణముననే శాఖ గలదు. మహిళాసంఘములవారు పోయి యా యంత్రములను జూచి, మంచి చెడ్డలు విచారించి రావలయును.

మూడవది పడవ. ఇచ్చట నేను ఆశ పెట్టి మోసగింపను. లోతుసముద్రపు వేటకు సూర్యునిమీదనే యాధారపడు పడవ మనకింకను అందుబాటులో లేదు. కేరళమున వైకోమువద్ద 2017 జనవరినుండి 75గురు ప్రయాణికులను సౌరశక్తితో దాటించు పడవ నడచినది. కాని యది నిశ్చలమైన కాయలు నీటిమీద. మన బీలలలో, చెఱువులలో నట్టివానిని ప్రయత్నింపవచ్చును. సముద్రమున నేడే చేయదగినవి వేఱు. వేగమును గొంచెము తగ్గించినచో చమురు చాల తగ్గును. పడవ యడుగున బట్టిన పాచిని, గుల్లలను గీకివేయుట, యంత్రమును వేళకు శుభ్రపఱచుట, దీపములకు సౌరబ్యాటరీ వాడుట, అనుకూలమైన గాలికి చిన్న తెఱచాప నెత్తుట. మన తాతలు చేసిన పనిలో నవమానము లేదు.

నాలుగవది నోరు విప్పుట. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము పెద్ద కర్మాగారమునకు అనుమతి యిచ్చుటకు ముందు ప్రజాభిప్రాయసేకరణ జరుపవలయును. 30 దినములకు తక్కువ గాకుండ ముందు తెలుపవలయును. నివేదిక సంగ్రహమును స్థానికభాషలో నియ్యవలయును. 2005 నాటి సమాచార హక్కు చట్టము మనకున్నది. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలివారు ఛార్జీలు నిర్ణయించునప్పుడు బహిరంగ విచారణ జరుపుదురు. సామాన్యుడెవడైనను అభ్యంతరము దాఖలుచేయవచ్చును. మన సంఘమునుండి యచ్చటికి బోయి, "మా రేవునకు, మా మంచుగడ్డ కర్మాగారమునకు సౌరవిద్యుత్తు కావలెను" అని యడిగినవారు ఎందఱు? లాఠీ ముందు నిలిచిన జాతి అర్జీ వ్రాయుటకు వెనుదీయరాదు.

రెండు జాగ్రత్తలు చెప్పి విరమింతును. మా ఊర నొక వ్యాపారి చౌకగా సౌరదీపములమ్మెను. మొదటి వానకాలముననే అవి కన్నుమూసినవి. పిమ్మట నాతని జాడ లేదు. పూచీపత్రము లేనిది కొనకుడు. ఇక రెండవది ముఖ్యమైనది. సౌరకేంద్రములకును నేల కావలయును. బొగ్గు పేరిట ఇయ్యనన్న బీలను సూర్యుని పేరిట ఇచ్చినను పోయినది మన చేపయే. సింహాద్రి కేంద్రమువారు 2021లో తమ జలాశయముపైననే 25 మెగావాట్ల తేలియాడు సౌరఫలకముల నమర్చిరి. అందుకు క్రొత్త నేల యక్కఱపడలేదు. అట్టి మార్గములు, కప్పులు, కాలువగట్లు ఉండగా చిత్తడినేల జోలికి రావలదని మనమే చెప్పవలయును.

దాతలారా! మీరు సంవత్సరమునకొక స్వాగతద్వారము కట్టించుచున్నారు, పేరు చెక్కించుచున్నారు. ఈ యేడు ఆ ధనముతో నొక్క తీరగ్రామమున నీళ్ళ మోటారునకు సౌరవిద్యుత్తు అమర్పించి, పేరు దానిపై చెక్కింపుడు. తుపాను రాత్రి గడచిన మఱునాడు ఆ పేరు ప్రతి బిందెయు దలచుకొనును. యువకులారా! ఊరికిద్దఱు చొప్పున ఈ ఫలకములను బాగుచేయు పని నేర్చుకొనుడు. అప్పుడు వేరావలు దూరమగును, ఇల్లు దగ్గఱగును. ఈ రెండును తీర్మానములుగా నేటి సభ ఆమోదింపవలెనని ప్రార్థించుచున్నాను.

నాటి యధికారి యిప్పుడెచ్చట నున్నాడో నేనెఱుగను. మరల గనబడి అదే ప్రశ్న యడిగినచో తలవంచుకొనక, చేయిపట్టి ఒక ఊరికి గొనిపోయి, "ఇదిగో మా దీపము" అని చూపవలెనని నా కోరిక. సోంపేటలో నేలకొరగిన యా యిద్దఱి ఋణమును మనమట్లు కొంతయైనను తీర్చుకొందము గాక.